తీగల హాజరుపట్టీ

పిల్లలూ! మీ బడిలో కంప్యూటర్ల గది ఉంటే, ఆ గదిలోనో, ఆఫీసు గదిలోనో గోడకు ఎత్తుగా బిగించిన ఒక చిన్న ఇనపబీరువాను మీరు చూసే ఉంటారు. దానికి అద్దం తలుపు ఉంటుంది. లోపల చిన్న చిన్న పచ్చదీపాలు మినుకు మినుకుమంటూ ఉంటాయి. దాన్ని ర్యాక్ అంటారు. బడిలో ఉన్న కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరేది అక్కడికే.

ఈసారి దాని తలుపు తీసి ఉన్నప్పుడు కాస్త నిదానంగా చూడండి. చెయ్యి పెట్టకండి, చూడండి చాలు. లోపల రెండు రకాల పలకలు కనిపిస్తాయి. రెండింటికీ ముందువైపు వరసగా చదరపు రంధ్రాలు, సాధారణంగా 24 చొప్పున ఉంటాయి. ఒకదానికి దీపాలు ఉన్నాయి, కరెంటు తీగ ఉన్నది. దాని పేరు స్విచ్చి. గోడమీద లైటు వేసే స్విచ్చికీ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు. ఒక కంప్యూటరు పంపిన సమాచారం ఏ కంప్యూటరుకు చేరాలో చూసి, దాన్ని అటు పంపించటం ఈ స్విచ్చి పని.

రెండో పలకకు దీపాలు లేవు, కరెంటూ లేదు. అది ఏ పనీ చేస్తున్నట్టు కనపడదు. గోడలో నుంచి వచ్చిన తీగలు దాని వెనక వైపున ఆగిపోతాయి. దాని ముందు నుంచి పొట్టి తీగలు బయలుదేరి స్విచ్చిలోకి పోతాయి. దీని పేరు ప్యాచ్ ప్యానెల్. ప్యాచ్ అంటే అతుకు. చొక్కా చిరిగితే వేస్తామే, ఆ అతుకే.

తెలివిగల పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. "గోడలో నుంచి వచ్చే తీగను తిన్నగా స్విచ్చిలోనే గుచ్చరాదా? మధ్యన ఈ దీపాలు లేని పలక దేనికి? దండగ ఖర్చు గదా!" అని. పెద్దవాళ్లు కూడా చాలామంది ఇట్లాగే అనుకుని, ఆ పలక కొనకుండానే పని కానిస్తారు. ఆ పలక దేనికో తెలియాలంటే మనం టెలిఫోను పుట్టిన రోజులదాకా వెనక్కు పోవాలి.

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందాడు. మొదట్లో ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఒక తీగ లాగేవారు. ముగ్గురైతే మూడు తీగలు కావాలి. నలుగురైతే ఆరు. పదిమంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే ఎన్ని కావాలో పలకమీద లెక్క వేసి చూడండి. నలభై అయిదు! ఊళ్లో వందమందికి టెలిఫోను ఉంటే 4,950 తీగలు లాగాలి. అప్పుడు తల ఎత్తితే ఆకాశం కనపడదు.

ఈ చిక్కు తప్పించటానికి ఒక ఉపాయం ఉన్నది. ఏ ఇంటి తీగనూ ఇంకో ఇంటికి తీసుకుపోవద్దు. అన్ని ఇళ్ల తీగలనూ ఒకే గదికి తీసుకురావాలి. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆ గదిలోనే వాళ్ల తీగలు రెంటినీ కలపాలి. 1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో జార్జి కోయ్ అనే ఆయన ఇట్లాంటి ఎక్స్ఛేంజీ తెరిచాడు. వర్తకానికని పెట్టిన వాటిలో అది మొట్టమొదటిది. చందాదారులు 21 మంది. దాని పలకను ఆయన బండికి వేసే బోల్టులతోనూ, ఆ కాలపు దొరసానుల గౌనులు ఎత్తుగా నిలబడటానికి లోపల పెట్టే తీగతోనూ తయారుచేశాడంటారు. సరిగా నాలుగేళ్లకు, 1882 జనవరి 28న, మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఎక్స్ఛేంజీలు తెరిచారు.

తరవాత వచ్చిన ఎక్స్ఛేంజీలలో పలక ముందు ఆపరేటరు కూచునేది. పలకనిండా రంధ్రాలు, ఒక్కొక్క రంధ్రం ఒక్కొక్క ఇల్లు. ఆపరేటరు చేతికి రెండు కొసలా ములుకులున్న పొట్టి తీగలు అందుబాటులో ఉండేవి. ఒక కొస పిలిచినవారి రంధ్రంలోనూ, రెండో కొస పిలవబడినవారి రంధ్రంలోనూ గుచ్చితే మాట కలిసేది. మాట్లాడటం అయిపోగానే పీకేసేది. ఇక్కడ ఒక విషయం గమనించండి. రోజంతా కదిలేది ఆ పొట్టి తీగ ఒక్కటే. ఊరంతా స్తంభాలమీద తిరిగి వచ్చిన పొడుగు తీగలను ఎవరూ ముట్టుకునే పని లేదు.

ఆపరేటర్ల పని యంత్రాలు చేయటం మొదలుపెట్టాక కూడా ఈ ఏర్పాటు పోలేదు. ఎక్స్ఛేంజీలలో పెద్ద ఇనపచట్రం ఒకటి నిలబెట్టేవారు. దానికి ఒకవైపు వీధుల నుంచి వచ్చిన తీగలు, రెండోవైపు యంత్రానికి పోయే తీగలు. ఈ రెంటికీ మధ్య సన్నటి తాత్కాలికపు తీగలు. ఒక చందాదారు ఇల్లు మారి ఇంకో వీధికి పోతే, ఆ సన్నటి తీగను ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట కలిపేవారు. మనిషి ఇల్లు మారినా నంబరు మారేది కాదు. మన ర్యాకులో ఉన్న దీపాలు లేని పలక ఈ చట్రానికి మనుమరాలు.

కంప్యూటర్లవాళ్లకు ఈ పాఠం వెంటనే ఒంటపట్టలేదు. 1973లో రాబర్ట్ మెట్కాఫ్ అనే ఇంజనీరు అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో ఉండగా ఈథర్నెట్ అనే పద్ధతికి రూపం కల్పించాడు. కంప్యూటర్లను తీగలతో కలపటానికి ఇప్పటికీ వాడేది ఆ వంశంలోదే. అయితే మొదట్లో గదుల వెంట ఒకే ఒక లావుపాటి తీగ పోయేది, కంప్యూటర్లన్నీ దానికే తగిలి ఉండేవి. ఆ ఒక్క తీగ ఎక్కడ తెగినా అందరి పనీ ఆగిపోయేది. ఎక్కడ తెగిందో వెతకటం ఇంకొక అవస్థ. 1990లో టెలిఫోను తీగవంటి మెలితీగతో, ఒక్కొక్క కంప్యూటరుకు ఒక్కొక్క తీగ చొప్పున అన్నీ ఒకచోటికి తెచ్చే పద్ధతి ప్రమాణంగా స్థిరపడింది. ఒక తీగ చెడితే ఆ ఒక్క కంప్యూటరే మూగపోతుంది, మిగతావి నడుస్తాయి. అన్ని తీగలూ ఒకచోటికి వచ్చేసరికి వాటిని నిలపటానికి ర్యాకూ, అతుకుపలకా కావలసివచ్చాయి.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు. ఒక కట్టుతీగ ముక్క తీసుకుని, ఒకేచోట అటూ ఇటూ వంచుతూ ఉండండి. కొన్నిసార్లకు పుటుక్కున విరుగుతుంది. గోడలో వేసే తీగ లోపల ఇట్లాంటి గట్టి రాగి పోగులే ఉంటాయి, ఒక్కొక్కటి అరమిల్లీమీటరు మందం. గట్టిపోగు దూరం పోవటానికి మంచిది, కదపటానికి మంచిది కాదు. దాన్ని తిన్నగా స్విచ్చిలో గుచ్చి, నెలకొకసారి పీకుతూ పెడుతూ ఉంటే కొస దగ్గర ఎప్పుడో విరుగుతుంది. కొస కోసి మళ్లీ వెయ్యాలంటే తీగ పొట్టిదైపోతుంది. నాలుగైదుసార్లు అట్లా అయ్యేసరికి తీగ స్విచ్చిదాకా అందదు, గోడ పగలగొట్టాలి. అందుకని గోడతీగను అతుకుపలక వెనకాల ఒకసారి బిగించి, ఇక దాని జోలికి పోము. కదిలించవలసినదంతా ముందువైపున పొట్టి తీగలతోనే. ఈ పొట్టి తీగలో ఒక్కొక్క పోగూ సాధారణంగా ఏడు సన్నటి తంతులు కలిపి చేసినది, కనక తాడులాగా వంగుతుంది. అదీ చెడితే కొద్ది డబ్బుతో ఇంకొకటి వస్తుంది.

తీగ లోపల ఏమున్నదో కూడా చూద్దాం. పై తొడుగు తీస్తే ఎనిమిది పోగులు, రెండేసి చొప్పున నాలుగు జంటలుగా ఉంటాయి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగులు. ఒక్కొక్కదానికి అదే రంగు చారగల తెల్లపోగు జోడు. ప్రతి జంటా జడ పాయల్లాగా మెలితిరిగి ఉంటుంది. ఈ మెలిక అందానికి కాదు. 1881లోనే బెల్ దీనికి పేటెంటు తీసుకున్నాడు.

ఇద్దరు పిల్లలు వీధిలో పక్కపక్కనే నడుస్తున్నారనుకోండి. కుడిచేతివైపు గుడి మైకు మోగుతున్నది. కుడివైపున ఉన్నవాడి చెవికి ఎక్కువ రొద, ఎడమవాడికి తక్కువ. వాళ్లు నాలుగడుగులకొకసారి చోటు మార్చుకుంటూ పోతే? ఇద్దరికీ సమంగా రొద తగులుతుంది. మెలితీగలో జరిగేది ఇదే. పక్కన ఉన్న కరెంటు తీగల రొద రెండు పోగులమీదా సమంగా పడుతుంది. ఇక లెక్క చూడండి. ఒక పోగుమీద +5, రెండోదానిమీద -5 పంపామనుకుందాం. దారిలో రెంటిమీదా 2 చొప్పున రొద చేరింది. చివరికి వచ్చేవి 7, -3. అందుకునే యంత్రం రెంటికీ ఉన్న తేడానే చూస్తుంది. 7లో నుంచి -3 తీసివేస్తే 10. పంపినప్పటి తేడా కూడా 10 గదా! రొద ఏమైందంటే, తీసివేతలో కొట్టుకుపోయింది. తీసివేత లెక్కలు ఎందుకండీ అని అడిగే పిల్లలకు నేను ఈ ఉదాహరణ చెబుతూ ఉండేవాణ్ణి.

ఇందువల్లనే కొస బిగించేటప్పుడు మెలికను అరంగుళం, అంటే 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదని నియమం. తొందరపడే పనివాడు పనిలో తేలికని రెండంగుళాలు విప్పుతాడు. దీపం వెలుగుతుంది, పని అయిపోయిందనుకుంటాం. కాని ఎక్కువ వేగంతో సమాచారం పంపినప్పుడు తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులను మళ్లీ మళ్లీ పంపవలసిరావటంతో అంతా నత్తనడక నడుస్తుంది.

ఎనిమిది పోగులను వరసపెట్టే పద్ధతులు రెండున్నాయి. ఎక్కువగా వాడే "బి" పద్ధతి ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జంటను విడదీసి మధ్యన నీలం జంటను ఎందుకు దూర్చారని మీకు అనుమానం రావాలి. టెలిఫోను ములుకులో మాట నడిచేది నడిమి జంటమీద. ఆ చోటు దానికే వదిలిపెట్టి, మిగతావాటిని చుట్టూ సర్దారు. ఇల్లు కొత్తగా కట్టినా తాతగారి పడకకుర్చీ కదపనట్టు! "ఎ" పద్ధతి అయినా "బి" పద్ధతి అయినా ఫరవాలేదు గాని, బడి మొత్తానికి ఒకటే ఉండాలి.

ఇక ర్యాకు సంగతి. దీని కొలత 1920లనాటి అమెరికా టెలిఫోను కంపెనీవారి చట్రాల నుంచి వచ్చింది. ఇందులో బిగించే పలక ఈ చెవి నుంచి ఆ చెవికి 19 అంగుళాల వెడల్పు. ఏ దేశంలో చేసిన స్విచ్చి అయినా, ఏ కంపెనీ పలక అయినా ఆ వెడల్పుకు చేసినదైతే ఇందులో సరిగా కూచుంటుంది. రేడియో స్టేషన్లలోని పరికరాలదీ, పాటకచేరీల యాంప్లిఫయర్లదీ ఇదే కొలత. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, అంగుళాలు లెక్కల పుస్తకాల్లో నుంచి వెళ్లిపోయాయి. ర్యాకులో మటుకు ఇంకా కాపురం ఉంటున్నాయి.

ఎత్తును "యు" అనే కొలతతో చెబుతారు. ఒక యు అంటే ఒకటీ ముప్పాతిక అంగుళం, 44.45 మిల్లీమీటర్లు. ర్యాకు నిలువుకమ్మీలకు ఒక్కొక్క యుకి మూడు రంధ్రాలు. వాటి మధ్య ఎడం వరసగా 5/8, 5/8, 1/2 అంగుళం. మళ్లీ 5/8, 5/8, 1/2. ఈ మూడు భిన్నాలనూ కూడి చూడండి, ఒకటీ ముప్పాతిక రావాలి. యుకీ యుకీ మధ్య సరిహద్దు ఆ అరంగుళపు ఎడం నడిమిన ఉంటుంది. ఈ సంగతి తెలియనివాడు ఒక రంధ్రం కిందనో పైనో మొదలుపెడతాడు. అప్పుడు ఆ పలక రెండు గళ్లను పాడుచేసి కూచుంటుంది.

ఒక బడికి ఎంత ర్యాకు కొనాలో మనమే లెక్క కడదాం. కంప్యూటర్ల గదిలో 20, ఆఫీసులో 4, ఉపాధ్యాయుల గదిలో 2, గ్రంథాలయంలో 1, కెమెరాలకు 3, వైఫై పెట్టెలకు 2. మొత్తం 32 తీగలు. (వైఫై ఉంటే తీగ దేనికి అంటారా? ఆ వైఫై పెట్టెదాకా రావటానికి తీగే కావాలి మరి.) 24 రంధ్రాల పలకలు రెండు తీసుకుంటే 48 అయినాయి, 16 మిగులు. ఆ మిగులు దండగ కాదు; బడి పెరగక మానదు. పలకలు రెండు, స్విచ్చిలు రెండు, తీగలను పక్కకు నడిపే దువ్వెనవంటి పట్టీలు రెండు, ఇంటర్నెట్ పెట్టె పెట్టుకునే అర ఒకటి, కరెంటు ప్లగ్గుల వరస ఒకటి. ఒక్కొక్కటీ ఒక యు. మొత్తం 8. దీనికి సగం కలుపుకుంటే 12. పన్నెండు యుల ర్యాకు, లోపలి ఎత్తు 21 అంగుళాలు. దుకాణంలో తక్కువకు వస్తుందని 9 యులది కొంటే రెండేళ్లలో స్విచ్చి ఒకటి బీరువా నెత్తిన కూచుంటుంది, దానిమీద దుమ్ము కూచుంటుంది.

లోతు కూడా చూసుకోవాలి. స్విచ్చి పట్టినంత మాత్రాన చాలదు, వెనకాల తీగలు వంపు తిరగటానికి చోటు కావాలి. తీగ మందానికి నాలుగు రెట్ల వ్యాసార్ధం కన్న ఇరుకుగా దాన్ని వంచరాదు. తీగ 6 మిల్లీమీటర్లయితే, వంపు వ్యాసార్ధం 24 మిల్లీమీటర్లు ఉండాలి. చిన్న టీగ్లాసు చుట్టూ తిప్పితే వచ్చే వంపు అనుకోండి. బ్యాటరీలుండే యు.పి.ఎస్. మహా బరువు. దాన్ని గోడ ర్యాకులో పెట్టకుండా కింద పీటమీద పెట్టటమే మేలని నా అభిప్రాయం.

ర్యాకు ఎక్కడ పెట్టాలి? బడికి నడుమగా ఉన్న గదిలో. ఎందుకంటే గోడలో పోయే తీగ 90 మీటర్లు, రెండు కొసలా ఉండే పొట్టి తీగలన్నీ కలిపి 10 మీటర్లు, మొత్తం 100 మీటర్లు దాటరాదు. ఎండ పడే గోడా, వానకు చెమ్మ ఊరే గోడా వద్దు. తీగలు దూరే రంధ్రాలను బ్రష్షుతోనో రబ్బరుతోనో మూయాలి. లేకపోతే ఎలుకలు లోపలికి పోయి తొడుగులు కొరుకుతాయి, బల్లులు గుడ్లు పెడతాయి. బీరువా ఇనుముకు ఎర్తు తీగ తప్పనిసరి. కరెంటు తీగల వెంట మన తీగలను కలిపి నడపకూడదు. ఒక అడుగు ఎడం ఉంచాలి, దాటవలసివస్తే కూడిక గుర్తులాగా అడ్డంగా దాటాలి.

తీగ కొనటంలో ఒక మోసం ఉన్నది. పెట్టెకు 305 మీటర్లు, అంటే వెయ్యి అడుగులు వస్తుంది. ఒక్కొక్క తీగకు సగటున 25 మీటర్లనుకుంటే పెట్టెకు 12 తీగలు. మన 32 తీగలకు మూడు పెట్టెలు కావాలి. ఒక దుకాణంలో ఈ పెట్టె బాగా చవకగా ఇస్తామంటారు. అందులో రాగి ఉండదు. అల్యూమినియం తీగకు రాగిపూత పూసి ఉంటారు. పోగు కొసను చాకుతో గీకి చూస్తే ఎరుపు కింద తెలుపు బయటపడుతుంది. పెట్టె ఎత్తి చూసినా తెలుస్తుంది, తేలికగా ఉంటుంది. అల్యూమినియం తొందరగా విరుగుతుంది. విద్యుత్తుకు రాగికన్న ఎక్కువ అడ్డు తగులుతుంది. కెమెరాలకు ఈ తీగలోనే కరెంటు కూడా పంపుతారు కనక తీగ వేడెక్కుతుంది. స్విచ్చిలను పదేళ్లకు మార్చినా గోడలోని తీగను అన్నిసార్లు మార్చలేము. స్విచ్చిలో పొదుపు చేస్తే చేసుకోవచ్చు గాని, గోడలో పొదుపు చేయరాదు. ఇప్పుడు కొత్తగా వేసే బడికి కేటగిరి 6 అనే రకం సరిపోతుంది. అది సెకనుకు వెయ్యి మిలియన్ సంకేతాలను 100 మీటర్లూ తీసుకుపోతుంది. దూరం 55 మీటర్ల లోపల ఉంటే దానికి పదిరెట్లు కూడా మోస్తుంది.

బడికి రెండో భవనం ఉంటే అక్కడికి రాగితీగ లాగవద్దు. ఉరుములు మెరుపుల కాలంలో దగ్గరలో పిడుగు పడితే ఆ విద్యుత్తు రాగి వెంట పరుగెత్తి రెండు భవనాలలోని యంత్రాలనూ కాల్చేస్తుంది. అక్కడికి గాజుతీగ వేయాలి. వెంట్రుకవంటి గాజుపోగులో వెలుగు పోతుంది, విద్యుత్తు పోదు. గాజు తగినంత శుద్ధంగా ఉంటే వెలుగుతో చాలాదూరం సమాచారం పంపవచ్చునని 1966లో చెప్పిన శాస్త్రజ్ఞుడు చార్లెస్ కావ్. ఆయనకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. గాజుతీగ కొసలోకి కన్నుపెట్టి ఎన్నడూ చూడకండి. అందులో పోయే వెలుగు కంటికి కనపడదు, కంటిని మటుకు చెరుస్తుంది.

అన్నీ కొన్నాక తీగలను సర్దటం మిగిలింది. పలక, స్విచ్చి, పలక, స్విచ్చి అని ఒకదాని కింద ఒకటి బిగిస్తే జానెడు, మూరెడు పొట్టితీగలు సరిపోతాయి. మీటరున్నర తీగలు వాడితే మిగిలినదంతా ముందు వేలాడి చిక్కుపడుతుంది. కట్టలు కట్టటానికి ప్లాస్టిక్ బిగింపుపట్టీలు వద్దు. వాటిని లాగి బిగిస్తే తీగ నొక్కుకుపోయి లోపలి మెలికలు చెదురుతాయి. మల్లెమొగ్గలు దండ కట్టేటప్పుడు దారం ఎక్కువ బిగిస్తే కాడ తెగుతుంది గదా! చెప్పులకూ సంచులకూ ఉండే అంటుకునే గుడ్డపట్టీ, వెల్క్రో అంటారే, అది వాడాలి. విప్పవచ్చు, మళ్లీ వేయవచ్చు.

అన్నిటికన్న ముఖ్యమైనది, అందరూ చివరికి వదిలేసేది నంబర్లు వేయటం. నేను పనిచేసిన ఒక బడిలో ర్యాకునిండా నీలంతీగలు, ఒక్కదానికీ నంబరు లేదు. పదోతరగతి పిల్లల పేర్లూ వివరాలూ పరీక్షకు ఇంటర్నెట్ ద్వారా పంపవలసిన ఆఖరురోజున, కెమెరా బాగుచేయటానికి వచ్చిన మనిషి ఏ తీగ ఏదో తెలియక నాలుగు పీకి చూసి, మళ్లీ తోచినచోట పెట్టి వెళ్లాడు. ఆఫీసు కంప్యూటరు మూగబోయింది. ఒకరు ర్యాకు దగ్గర, ఒకరు మెట్లమీద, ఒకరు ఆఫీసులో నిలబడి "వచ్చిందా?" "రాలేదు!" అని కేకలు వేసుకుంటూ ఒక్కొక్క తీగనే పట్టి చూశారు. పేర్లన్నీ పంపేసరికి రాత్రి తొమ్మిదయింది. గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు తండ్రులు అప్పటిదాకా నిలబడే ఉన్నారు. ఒక్క పేరు పోకపోతే ఆ పిల్లకో పిల్లవాడికో ఆ ఏడు పరీక్ష పోయినట్టే అని వాళ్లకూ తెలుసు.

నంబరు వేయటం ఇట్లా. గోడమీద తీగ ముగిసే చిన్న పెట్టెకు ఒక నంబరు, అతుకుపలక మీద ఆ తీగ ఉన్న రంధ్రానికి అదే నంబరు, తీగ రెండు కొసలకూ అదే నంబరు. గది నంబరు ముందు, పెట్టె నంబరు తరవాత: మూడో గదిలో ఏడో పెట్టె అయితే 3-07. తీగ లాగే ముందే రెండు కొసలకూ చీటీలు అంటించాలి. లాగాక ముప్పైరెండు కొసలూ ఒకేలాగా కనిపిస్తాయి. బాల్‌పెన్నుతో కాగితం ముక్కమీద రాసినది ఒక ఎండాకాలానికి వెలిసిపోతుంది. అచ్చువేసిన ప్లాస్టిక్ చీటీలు దొరుకుతాయి.

మనుషుల పేర్లతో చీటీలు వేయకండి. "లెక్కల మాస్టారు" అని ఒక తీగకు రాశారనుకోండి. వచ్చే ఏడు ఆయనకు బదిలీ అవుతుంది, ఆయన కుర్చీలో హిందీ పండితులు కూచుంటారు. చీటీ మటుకు లెక్కల మాస్టారనే చెబుతూ ఉంటుంది. గది ఎక్కడికీ బదిలీ కాదు. పొట్టితీగలకు రంగులు వాడుకోవచ్చు: కంప్యూటర్లకు నీలం, కెమెరాలకు పసుపు, ఎవరూ పీకకూడని ఇంటర్నెట్ తీగకు ఎరుపు. ఏ రంగు దేనికో తలుపు లోపల రాసి పెట్టాలి.

ఆ తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాలి. దాన్ని నేను తీగల హాజరుపట్టీ అంటాను. నంబరు, గది, స్విచ్చిలో ఏ రంధ్రం, ఏ తేదీన మార్చారు, అంతే. ఎవరు ఒక్క తీగ కదిలించినా అక్కడే నిలబడి రాసి తరవాత తలుపు వేయాలి. కాగితానికి నకలు ఒకటి ఆఫీసు ఫైలులోనూ, బీరువా తాళంచెవికి జోడు ఒకటి ఆఫీసు మేకుకూ ఉండాలి. తాళంచెవి హెడ్మాస్టరు సొరుగులో ఉన్నదనీ, హెడ్మాస్టరు సెలవులో ఉన్నారనీ పని ఆగిన బళ్లు నాకు తెలుసు.

చివరికి పరీక్ష. చేతిలో పట్టే చిన్న పెట్టెలు రెండుంటాయి. ఒకటి గోడపెట్టెకూ, రెండోది అతుకుపలకకూ తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిదిదాకా దీపాలు వరసగా వెలగాలి. వరస తప్పితే రంగులు తారుమారయినాయన్నమాట. ఒకటి వెలగకపోతే ఆ పోగు అందలేదన్నమాట. ముప్పైరెండు తీగలనూ ఇట్లా చూసి, హాజరుపట్టీలో ఒక్కొక్కదాని పక్కన టిక్కు పెట్టాకనే పనివాడికి డబ్బు ఇవ్వాలి.

పని అయ్యాక నేలమీద తీగముక్కలు మిగులుతాయి. జానెడు ముక్క ఒకటి అడిగి తీసుకోండి. ఎక్కడా తగిలించి ఉండని ముక్క కనక భయం లేదు. పై తొడుగు మెల్లగా కోసి, నాలుగు జంటలనూ విడదీసి, స్కేలు పక్కన పెట్టండి. పది సెంటీమీటర్లలో ఒక్కొక్క జంట ఎన్ని మెలికలు తిరిగిందో లెక్కపెట్టి రంగువారీగా రాయండి. నాలుగు జంటలకూ ఒకే లెక్క రాదు. పక్క పక్క జంటలు ఒకదాని మాట ఒకటి వినకుండా ఉండటానికే ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క విధంగా మెలిపెట్టారు.